గోదారి మీద సంజె కెంపు

మన కోస్తాది తూర్పు ముఖం. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రం మీద పొద్దు పొడవడమే చూస్తాం. పొద్దు వాలేది మన వీపు వెనక, కొండల మీదో తాటితోపుల మీదో. నీళ్ల మీదికి సూర్యుడు దిగడం చూడాలంటే నది దగ్గరికే వెళ్లాలి, అందులోనూ రాజమహేంద్రవరం వెళ్లాలి. ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది. ఎదురుగా, సుమారు మూడు కిలోమీటర్ల నీటికి అవతల, పడమటి గట్టున కొవ్వూరు. పుష్కరఘాట్ మెట్ల మీద నిలబడితే ఏడాది పొడుగునా సూర్యుడు మన కళ్లెదుటే దిగుతాడు.

ఆ వేళకు మెట్ల మీద ఎన్నో ఫోన్లు, కెమెరాలు పైకి లేస్తాయి. కంటి ముందు ఆకాశం దానిమ్మ గింజ రంగులో ఉంటుంది. తెర మీద మాత్రం పాలిపోయిన పసుపు, దాని నడుమ ఓ తెల్లటి మచ్చ కనిపిస్తాయి. చాలామంది నిట్టూర్చి, కంటికి కనిపించింది కెమెరాకు చిక్కదని సరిపెట్టుకుంటారు. నిజానికి చిక్కుతుంది. కాకపోతే ఆ పనిని యంత్రానికి వదిలేయకుండా మన చేతుల్లోకి తీసుకోవాలి. అలా తీసుకున్నవారికి మంచి ఫొటోతో పాటు మరొకటి కూడా దక్కుతుంది: సాయంత్రం ఎలా దిగుతుందో క్షణం క్షణం తెలిసిరావడం.

ఆటో మోడ్‌కు సాయంత్రం తెలియదు

కెమెరాలోని లైట్‌మీటరుకు తెలిసిన పాఠం ఒక్కటే. ఎదుట ఉన్నదంతా కలిపి సగటున ఓ మధ్యస్థపు బూడిద రంగుకు రావాలి. తన మీద పడిన వెలుగులో సుమారు 18 శాతాన్ని తిప్పి పంపే బూడిద అది. పగటి దృశ్యాలకు ఈ లెక్క బాగానే కుదురుతుంది. సంజెవేళ గట్టు, పడవలు, చెట్లు నల్లబడుతుంటే మీటరు ఆ నలుపును లోటుగా ఎంచి వెలుగు పెంచేస్తుంది. దాంతో నలుపు బూడిదగా, కెంపు లేత గులాబీగా మారి, సూర్యబింబం వెలవెలబోతుంది. సూర్యుడు సరిగ్గా ఫ్రేము నడుమకు వస్తే అదే మీటరు బెదిరిపోయి ఫొటో మొత్తాన్ని చీకటి చేస్తుంది.

ఆటో వైట్ బ్యాలెన్స్ చేసే పని ఇంకా అన్యాయం. ఏ వెలుగులోనైనా తెల్ల కాగితం తెల్లగానే కనిపించేలా చూడటం దాని బాధ్యత. ట్యూబులైటు కింద, బల్బు కింద అది మేలే చేస్తుంది. గోదారి గట్టున మాత్రం ఆకాశం నిండా పరుచుకున్న ఎరుపును ఏదో దోషమనుకుని, దానికి విరుగుడుగా నీలం కలిపేస్తుంది. వెలుగు తగ్గడం, రంగు మారడం అనే రెండు మార్పులే సాయంత్రాన్ని సాయంత్రం చేస్తాయి. ఆటో మోడ్ ఆ రెండింటినీ సరిదిద్ది మన చేతికి ఓ మధ్యాహ్నాన్ని ఇస్తుంది. అందుకే కెమెరా డయల్‌ను మాన్యువల్‌కు గుర్తయిన ‘ఎం’ అక్షరం దగ్గరికి తిప్పాలి. ఆ అక్షరం దగ్గర యంత్రం సలహా మాత్రమే చెబుతుంది, నిర్ణయం మనది.

ఎరుపు ఎక్కడి నుంచి వస్తుంది?

సూర్యుడి వెలుగులో అన్ని రంగులూ ఉన్నాయి. గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ అణువులు ఆ వెలుగును నలుదిక్కులా చెదరగొడతాయి. కానీ అన్ని రంగులనూ సమానంగా చెదరగొట్టవు. తరంగదైర్ఘ్యం తగ్గేకొద్దీ చెదరడం దాని నాలుగో ఘాతం లెక్కన పెరుగుతుందని 1871లో ఇంగ్లండ్ శాస్త్రవేత్త జాన్ విలియం స్ట్రట్ తేల్చాడు. తర్వాతి కాలంలో లార్డ్ రేలీగా ప్రసిద్ధుడైంది ఆయనే. ఆ లెక్క ప్రకారం 400 నానోమీటర్ల ఊదా వెలుగు, 700 నానోమీటర్ల ఎరుపు కంటే తొమ్మిది రెట్లకు పైగా చెదురుతుంది.

నడినెత్తిన ఉన్న సూర్యుడి కిరణం దాటాల్సిన గాలి మందాన్ని ఒకటి అనుకుంటే, దిగంతం దగ్గరి కిరణం దాటాల్సింది సుమారు 38 రెట్లు. అంత దూరం వచ్చేసరికి నీలం, ఆకుపచ్చ దారిలోనే పక్కలకు చెదిరిపోతాయి. మన దాకా నిలిచేవి పసుపు, నారింజ, ఎరుపు. ఇక్కడ పోయిన నీలం ఊరికే పోలేదు. మనకు పడమరగా ఉన్న ఊళ్లలో ఇంకా పగలే కదా, అక్కడివారికి అదే ఆకాశపు నీలిమ.

ఆ గాలే మరో గారడీ కూడా చేస్తుంది. దిగంతం దగ్గర కిరణాలు వంగి వస్తాయి. ఆ వంపు డిగ్రీలో 60వ వంతులుగా చెప్పాలంటే సుమారు 34. సూర్యబింబం వెడల్పు అదే కొలతలో సుమారు 32. అంటే బింబం కింది అంచు దిగంతాన్ని తాకినట్టు కనిపించే క్షణానికి అసలు సూర్యుడు అప్పటికే పూర్తిగా కిందికి దిగిపోయి ఉంటాడు. మనం చూసేది, ఫొటో తీసేది గాలి పైకెత్తి చూపిస్తున్న రూపాన్ని. కింది అంచు నుంచి వచ్చే కిరణాలు పై అంచు నుంచి వచ్చేవాటి కంటే ఎక్కువ వంగుతాయి. అందుకే అస్తమించే సూర్యుడు గుండ్రంగా కాక కాస్త అణిగి, అడ్డంగా సాగినట్టుంటాడు. పెద్ద లెన్స్‌లో ఈ అణగడం స్పష్టంగా తెలుస్తుంది.

చేతిలో మూడు, కంటికి నాలుగోది

మాన్యువల్‌లో వెలుగును మూడు చోట్ల అదుపు చేస్తాం. ఎపర్చర్ అంటే లెన్స్ ఎంత తెరుచుకోవాలన్నది. షట్టర్ స్పీడ్ అంటే ఎంతసేపు తెరిచి ఉంచాలన్నది. ఐఎస్ఓ అంటే లోపలికి వచ్చిన వెలుగును ఎంత పెంచి చూపాలన్నది. ఫొటోగ్రాఫర్లు వీటన్నిటినీ ‘స్టాపు’ల్లో కొలుస్తారు. ఒక స్టాపు పెంచితే వెలుగు రెట్టింపు, తగ్గిస్తే సగం.

సంజె ఫొటోకు ఐఎస్ఓ 100 దగ్గర మొదలుపెట్టండి. రంగుల మెత్తదనం అక్కడే ఎక్కువ, గరుకు తక్కువ. ఎపర్చర్ ఎఫ్/8 గాని ఎఫ్/11 గాని ఉంటే దగ్గరి మెట్లు, దూరపు వంతెన రెండూ తేటగా వస్తాయి. సూర్యుడి చుట్టూ కిరణాలు నక్షత్రంలా విచ్చుకోవాలంటే ఎఫ్/16 దాకా వెళ్లవచ్చు. లెన్స్ లోపలి రేకుల సంఖ్య సరిసంఖ్య అయితే అన్నే కిరణాలు వస్తాయి, బేసి అయితే రెట్టింపు. ఎఫ్/16 దాటి ఇంకా మూస్తే, సన్నటి రంధ్రం గుండా వచ్చే వెలుగు విస్తరించి ఫొటో పదును తగ్గుతుంది.

ఇక మిగిలింది షట్టర్. దాన్ని తేల్చడానికి ఓ పాత పద్ధతి ఉంది, ఇప్పటికీ దాన్ని మించింది లేదు. సూర్యుణ్ని ఫ్రేములోంచి తప్పించి, పక్కనున్న ఆకాశం వైపు కెమెరా తిప్పండి. మీటరు సున్నా చూపేదాకా షట్టర్ మార్చండి. ఆ అంకెను అలాగే ఉంచి మళ్లీ సూర్యుడి వైపు వచ్చి తీయండి. ఫ్రేములోకి సూర్యుడు రాగానే మీటరు గగ్గోలు పెడుతుంది, పట్టించుకోవద్దు. రంగు ఇంకా చిక్కగా కావాలంటే ఒక స్టాపు తగ్గించండి. సూర్యుడు ఇంకా నాలుగు వేళ్ల ఎత్తున ఉన్నప్పుడు ఎఫ్/8 దగ్గర సాధారణంగా 1/500 నుంచి 1/125 సెకను మధ్యలో ఎక్కడో కుదురుతుంది.

నాలుగోది వైట్ బ్యాలెన్స్. దాన్ని ఆటోలోంచి తప్పించి, ఎండ గుర్తు దగ్గర, అంటే సుమారు 5,500 కెల్విన్ దగ్గర నిలపండి. మధ్యాహ్నపు వెలుగే తెలుపు అని కెమెరాకు ఖాయంగా చెప్పడం అది. అప్పుడు సాయంత్రపు వెలుగు దానికి భిన్నంగా ఎంత ఎర్రగా ఉందో అంత ఎర్రగానూ నమోదవుతుంది. నీడ గుర్తు దగ్గర, 7,000 కెల్విన్ పైన పెడితే ఎరుపు ఇంకా పెరుగుతుంది. అయితే ఆ పెరిగిన ఎరుపు ఆకాశానిది కాదు, మనం కలిపినది. నా మనసు ఎప్పుడూ 5,500 వైపే మొగ్గుతుంది.

తీసిన వెంటనే తెర మీది బొమ్మను నమ్మొద్దు, ఎడమన చీకటి నుంచి కుడిన వెలుగు దాకా ఏది ఎంతుందో చూపే గ్రాఫు, హిస్టోగ్రామ్ చూడండి. అందులోనూ ఎరుపు రంగు గ్రాఫు చూడండి. సంజెవేళ మొత్తం వెలుగు హద్దులో ఉన్నట్టే కనిపిస్తూ ఎరుపు ఒక్కటీ కుడి అంచును దాటిపోతుంది. దాటితే అక్కడి ఛాయలన్నీ కలిసిపోయి ఒకే ముద్ద అవుతాయి, వాటిని తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కెమెరా దిద్దకుండా దాచే రా ఫైల్‌గా తీస్తే మాత్రం చీకటి భాగాలను కొంత వెలికి తీసుకోవచ్చు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే ఐఎస్ఓ, షట్టర్, వైట్ బ్యాలెన్స్ ఈ మూడింటినీ ఇలాగే బిగించవచ్చు. చాలా ఫోన్లలో ఎపర్చర్ మాత్రం మారదు.

ఒక్క హెచ్చరిక. సూర్యుడు తీక్షణంగా ఉన్నంతసేపూ అద్దం కెమెరా వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి చూడకండి, తెర మీదే చూడండి. పెద్ద లెన్స్‌ను అటువైపే చాలాసేపు నిలిపి ఉంచకండి. భూతద్దం కింద కాగితం కాలినట్టే లోపలి భాగాలు కాలతాయి. కంటికైతే నష్టం శాశ్వతం.

సూర్యుడు ఎంత పెద్దవాడు?

ఫోన్ ఫొటోల్లో సూర్యుడు చుక్కంతే వస్తాడని చాలామందికి దిగులు. దానికి కారణం కొలతే. బింబం ఆకాశంలో అర డిగ్రీ మేర మాత్రమే ఉంటుంది. సెన్సర్ మీద పడే దాని బొమ్మ, లెన్స్ ఫోకల్ లెంగ్త్‌లో సుమారు 110వ వంతు. 24 మిల్లీమీటర్ల వెడల్పు లెన్స్‌లో పావు మిల్లీమీటరు కూడా ఉండదు. 300 మిల్లీమీటర్ల లెన్స్‌లో దాదాపు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది.

ఇదే లెక్కను నదికి వర్తింపజేస్తే ముచ్చటైన సంగతి బయటపడుతుంది. కిలోమీటరు దూరంలో ఉన్న వస్తువు తొమ్మిది మీటర్ల పైచిలుకు ఉంటే అది సూర్యబింబమంత కనిపిస్తుంది. అంటే అంత పొడవున్న నాటుపడవ కిలోమీటరు దూరంలో నదిలో సాగుతుంటే, మొత్తం పడవ బింబంలో ఇమిడిపోతుంది. అదే పడవ వంద మీటర్ల దూరంలో ఉంటే సూర్యుడు పడవలో పదో వంతే. పెద్ద సూర్యుడు కావాలంటే పడవకు దగ్గరగా వెళ్లకూడదు, దూరం జరగాలి. జరిగి, పెద్ద లెన్స్‌తో దగ్గరికి తెచ్చుకోవాలి.

గోదారి మీద నల్లటి ఛాయారూపాలకు కొదవ లేదు. 1900లో రైళ్లకు తెరుచుకుని 1997లో విశ్రాంతి తీసుకున్న హేవలాక్ వంతెన ఉంది. రాతి స్తంభాల మీద ఇనుప గర్డర్ల వరస అది. ఒక్కోటి 97 మీటర్లకు పైగా సాగే 28 కాంక్రీటు విల్లులతో ఆర్చ్ వంతెన ఉంది. ఈ రెంటిలో దేన్ని ఆకాశానికి ఎదురుగా పెట్టినా ఆటోఫోకస్ తడబడుతుంది. వెలుగు మీద పట్టు దొరక్క ముందుకూ వెనక్కూ కదులుతూనే ఉంటుంది. ఫోకస్‌ను కూడా చేతికి తీసుకుని, వంతెన అంచు మీద నిలిపి వదిలేయండి.

మూడు నిమిషాలకో మెట్టు

రాజమహేంద్రవరం 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి ఇక్కడ సూర్యుడు ఏటవాలుగా కాక దాదాపు నిట్టనిలువుగా దిగుతాడు. బింబం దిగంతాన్ని తాకినప్పటి నుంచి మునిగేదాకా పట్టేది రెండు నిమిషాల పైచిలుకే. ఆ తర్వాతి తొలి సంధ్య, అంటే సూర్యుడు దిగంతానికి ఆరు డిగ్రీల కిందికి చేరేదాకా ఉండే వెలుగు, ఇక్కడ 21 నుంచి 24 నిమిషాలు. లండన్‌లో ఇదే వెలుగు మార్చిలో అరగంట దాటుతుంది, జూన్‌లో ముప్పావు గంట దాకా సాగుతుంది. మన సంజె పొట్టిది. పొట్టిది కాబట్టే అందులో మార్పు వడిగా జరుగుతుంది.

ఎంత వడి? ఆకాశం తేటగా ఉన్న రోజు సూర్యుడు మునిగే క్షణాన నేల మీద పడే వెలుగు సుమారు 400 లక్స్. తొలి సంధ్య ముగిసేసరికి అది మూడున్నర లక్స్‌కు అటూ ఇటూ. వంద రెట్లకు పైగా తగ్గిందన్నమాట. స్టాపుల్లో చెబితే దాదాపు ఏడు. ఇరవైరెండు నిమిషాల్లో ఏడు స్టాపులంటే, ఇంచుమించు మూడు నిమిషాలకోసారి వెలుగు సగమైపోతోంది.

మన కన్ను దీన్ని మనకు తెలియనివ్వదు. కనుపాప విప్పారుతుంది, రెటీనా తనను తాను సవరించుకుంటుంది, చీకటి మెల్లగా పడుతోందనిపిస్తుంది. షట్టర్ డయల్ మీద వేలు పెట్టినవారికి మాత్రం ఆ దిగుడు స్పష్టంగా తెలుస్తుంది. సూర్యుడు మునిగిన కాసేపటికి ఎఫ్/8 దగ్గర 1/60. పది నిమిషాలకు 1/8. ఇరవై నిమిషాలకు రెండు సెకన్లు. నేను మాన్యువల్‌ను ప్రేమించడానికి అసలు కారణం ఇదే. ప్రతి మూడు నిమిషాలకూ ఆకాశం ఒక మెట్టు దిగడం, దాంతోపాటు మన వేలూ ఒక మెట్టు తిరగడం. భూమి తిరుగుతోందని పుస్తకంలో చదివిన మాట అక్కడ చేతికి తగులుతుంది.

1/60 కంటే నెమ్మదించగానే ట్రైపాడ్ తప్పనిసరి. మీట నొక్కే కదలిక కూడా పడకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టుకోండి. షట్టర్ సెకన్లలోకి వచ్చాక గోదారి అలలు ఫొటోలో చదునైపోయి, ఆకాశపు రంగు నీటి మీద పొరలు పొరలుగా పరుచుకుంటుంది. ఘాట్‌లో హారతి దీపాలు వెలిగే వేళకు ఆకాశపు వెలుగు, దీపపు వెలుగు కాసేపు సరిసమానమవుతాయి. రెండూ ఒకే ఎక్స్‌పోజర్‌లో ఇమిడేది ఆ కొద్ది నిమిషాలే.

వెనక్కి తిరిగి చూడండి

సూర్యుడు మునగగానే జనం లేచి వెళ్లిపోతారు. అసలు వింతల్లో సగం అప్పుడే మొదలవుతాయి. ముందు వెనక్కి, ఊరివైపు తిరగండి. తూర్పు దిగంతాన ఉక్కు నీలి రంగు పట్టీ ఒకటి మెల్లగా పైకి లేస్తుంటుంది. అది మబ్బు కాదు, భూమి నీడ. మనం నిలబడిన గోళమే తన నీడను గాలి మీద పరుస్తోంది. దాని పైన గులాబీ రంగు పట్టీ ఉంటుంది. పడమటి ఎరుపు గాలిలోంచి తిరిగి మన వైపు వస్తే ఏర్పడేది అది. పాశ్చాత్యులు దాన్ని వీనస్ వడ్డాణం అంటారు. పది నిమిషాలు దాటితే ఈ రెండూ కరిగిపోతాయి.

తర్వాత నడినెత్తిన చూడండి. సంజె ముదిరేకొద్దీ అక్కడ ఓ లోతైన నీలం చిక్కబడుతుంది. చెదిరే వెలుగు ఒక్కటే ఆ నీలానికి కారణమైతే, అప్పటికి నడినెత్తిన ఆకాశం బూడిద, పసుపు కలిసిన రంగులోకి మారాలి. 1953లో అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ హల్బర్ట్ దీని గుట్టు విప్పాడు. ఏటవాలు కిరణాలు ఎత్తైన ఓజోన్ పొరలో చాలా దూరం ప్రయాణిస్తాయి, ఆ పొర నారింజ, పసుపు ఛాయలను పీల్చేస్తుంది, మిగిలేది నీలం. అతినీలలోహిత కిరణాల నుంచి మనల్ని కాపాడే ఆ ఓజోన్‌ను కంటితో చూడగల వేళ ఉందంటే అది ఇదే. వైట్ బ్యాలెన్స్ 5,500 దగ్గరే ఉంటే కెమెరా ఆ నీలాన్ని చెడగొట్టకుండా పట్టుకుంటుంది.

ఒకే అంకె, అనేక సాయంత్రాలు

పుష్కరఘాట్‌లో ఒకే మెట్టు మీద నిలబడి ఏడాదంతా చూస్తే సూర్యుడు ఒకే చోట మునగడు. డిసెంబరులో నేరు పడమరకు సుమారు 25 డిగ్రీలు ఎడమగా, జూన్‌లో అంతే కుడిగా దిగుతాడు. అవతలి గట్టు మీద కొలిస్తే ఈ నడక రెండు కిలోమీటర్లకు పైమాటే. పొద్దు అన్నిటికంటే త్వరగా వాలేది డిసెంబరు 21న అనుకుంటాం గాని, మన అక్షాంశాల దగ్గర అది నవంబరు చివర్లోనే జరిగిపోతుంది.

రంగులూ మారతాయి. వాన గాలిని కడిగేసిన సాయంత్రాల్లో ఎరుపు తేటగా ఉంటుంది, విడివడిన మబ్బుల అడుగుభాగాలకు కింది నుంచి వెలుగు తగులుతుంది. శీతకాలంలో నేలనంటుకున్న ధూళి, పొగ దిగంతం దగ్గర రంగును మింగేసి, బింబాన్ని మునగకముందే మసకబారుస్తాయి. దూరపు అగ్నిపర్వతాలు కూడా ఈ ఆకాశం మీద చేయి వేయగలవు. 1883 ఆగస్టులో ఇండోనేసియాలో క్రకటోవా పేలినప్పుడు, పై వాతావరణంలోకి చేరిన గంధకపు సూక్ష్మ బిందువులు లోకమంతటా సంజెలను మండించాయి. లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున విలియం ఆస్‌క్రాఫ్ట్ అనే చిత్రకారుడు ఆ సంజెలను రంగు సుద్దలతో నిమిషాల తేడాతో గీశాడు. అలాంటివి ఐదు వందలకు పైగా వేశాడు. ఆ చిత్రాలు శాస్త్రవేత్తలకు సాక్ష్యాలయ్యాయి. గ్రీసు శాస్త్రవేత్తలు 2007లో, 1500 నుంచి 1900 మధ్య చిత్రకారులు వేసిన సంజెల్లో ఎరుపు, ఆకుపచ్చల నిష్పత్తిని కొలిచి, పేలుళ్ల తర్వాతి ఏళ్ల ఆకాశాన్ని అంచనా వేశారు.

మన చేతిలోని కెమెరాకు ఆ శక్తి ఇంకా ఎక్కువే ఉంది. షరతు ఒక్కటే, అంకెలు మారకూడదు. సూర్యుడు మునిగిన పది నిమిషాలకు, అదే మెట్టు మీద నుంచి, ఐఎస్ఓ 100, ఎఫ్/8, 1/8 సెకను, 5,500 కెల్విన్. నెలకో ఫొటో చాలు. వాటిని వరసగా పేర్చినప్పుడు వాటి మధ్య కనిపించే తేడా అంతా ఆకాశానిదే, గాలిదే, ఆ రుతువుదే. ఆటోలో తీసిన పన్నెండు ఫొటోలను అలా పక్కపక్కన పెట్టలేం. ప్రతిదాన్నీ యంత్రం తనకు తోచినట్టు దిద్ది ఉంటుంది. మన పిల్లలు పెద్దవాళ్లయ్యాక గోదారి మీద గాలి అప్పట్లో ఎంత తేటగా ఉండేదని అడిగితే, చూపించడానికి మన దగ్గర ఒక కొలత ఉండాలి.

ఈ సాయంత్రమే మొదలుపెట్టవచ్చు. మీ ఊళ్లో గోదారి లేకపోతే చెరువు గట్టు ఉంటుంది, మేడ ఉంటుంది. డయల్‌ను ఎం దగ్గరికి తిప్పి, మిగతా అంకెలు బిగించి, షట్టర్ ఎంత ఉండాలో ఆకాశాన్నే అడగండి.